పాత సర్వర్‌ను అప్పుడే పంపించేయకండి

ప్రశ్న: మాది 18 మంది పనిచేసే చిన్న సంస్థ. నేను లెక్కలు చూస్తాను. కంప్యూటర్లు కాస్త తెలుసన్న కారణంగా సర్వర్ బాధ్యత కూడా నాకే అప్పగించారు. తొమ్మిదేళ్లుగా ఒకే సర్వర్ నడుస్తోంది. అందులో విండోస్ సర్వర్ 2012 ఆర్2 ఉంది. అందరి లాగిన్‌లు, ఉమ్మడి ఫైళ్లు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్లు అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఈమధ్య రెండుసార్లు దానంతట అదే ఆగిపోయింది. కొత్త మెషీన్‌తో పాటు విండోస్ సర్వర్ 2025 తీసుకోవాలనుకుంటున్నాం. అమ్మేవారు శనివారం మొదలుపెట్టి ఆదివారం రాత్రికల్లా అంతా మార్చేస్తామని, పాత మెషీన్ తీసుకెళ్లి ధర తగ్గిస్తామని చెబుతున్నారు. మా భాగస్వాముల్లో ఒకరు అసలు సర్వరే వద్దు, అంతా క్లౌడ్‌లో పెట్టేద్దాం అంటున్నారు. సోమవారం పొద్దున ఏది పనిచేయకపోయినా అందరూ నన్నే అడుగుతారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: అన్నిటికన్నా ముందు, పాత మెషీన్ ఇచ్చేస్తామని మాట ఇవ్వకండి. ఆ తగ్గింపు ఎంతైనా సరే. కొత్తది నిలదొక్కుకునే వరకు మీకున్న ఒకే ఒక వెనుదారి ఆ పాత పెట్టె. ఆదివారం రాత్రి అది ఆఫీసు దాటి వెళ్లిపోతే, సోమవారం ఏ ఇబ్బంది వచ్చినా దాన్ని కొత్త మెషీన్ మీదే, అందరూ ఎదురుచూస్తుండగా పరిష్కరించాల్సి వస్తుంది. అమ్మకందారు మంచివారే కావచ్చు, నిపుణులే కావచ్చు. కానీ వారి లెక్క ప్రకారం ఆదివారం రాత్రికి పని అయిపోయినట్టే, మీ పని మొదలయ్యేది సోమవారం.

మారాలన్న మీ నిర్ణయంలో తప్పేమీ లేదు. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా మద్దతు 2023 అక్టోబర్ 10తో ముగిసింది. తరువాత డబ్బు కట్టిన వారికి మాత్రమే అదనపు అప్‌డేట్లు, అవీ 2026 అక్టోబర్ వరకే. పైగా మెషీన్ రెండుసార్లు ఆగిపోయిందంటున్నారు. కాబట్టి మార్పు గురించి ఆలోచించే ముందే, వీలైతే ఈరోజే, పూర్తి బ్యాకప్ ఒకటి బయటి డిస్క్‌లోకి తీయించి, ఆ డిస్క్‌ను సర్వర్ నుంచి విడదీసి వేరే చోట పెట్టండి. బ్యాకప్ పూర్తయ్యే వరకు అనవసరంగా రీస్టార్ట్ చేయకండి. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కులు ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొరాయించడం తరచుగా జరిగేదే. డిస్కులు రెండూ ఒకదానికొకటి నకలుగా రెయిడ్‌లో ఉన్నాయి కదా అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మవద్దు. ఒక డిస్క్ పాడైతే రెయిడ్ కాపాడుతుంది. పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచేస్తే మాత్రం రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో తుడిచిపెడుతుంది.

బ్యాకప్ తీశామని చెబితే సరిపోదు. దాన్ని మరో మెషీన్‌లో తెరిచి, మీ అకౌంటింగ్ డేటాబేస్‌ను నిలబెట్టి, నిన్నటి వోచర్ కళ్లారా చూశాకే అది బ్యాకప్ అనిపించుకుంటుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు జరిగింది ఈ విషయంలో గట్టి పాఠం. ఒక ఇంజనీరు రాత్రివేళ సమస్య సరిచేస్తూ పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌నే తుడిచేశారు. బ్యాకప్‌లు వెతికితే దొరకలేదు. డేటాబేస్ వెర్షన్ కొత్తది, బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ పాతది కావడంతో ఆ పని ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. వేరే అవసరం కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఒక నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. సాఫ్ట్‌వేరే వృత్తిగా ఉన్నవారికే అలా జరిగింది. వెర్షన్లు మారే సమయంలో బ్యాకప్ చప్పుడు లేకుండా ఆగిపోగలదు కాబట్టి, కొత్త సర్వర్ మీద మొదటి వారంలోనే ఒకసారి తిరిగి తెరిచి చూపించమని ఒప్పందంలో రాయించుకోండి.

ఇక అసలు పని. చాలామంది సర్వర్ మార్పు అంటే ఫైళ్లు కాపీ చేయడం అనుకుంటారు. కాపీ చేసేది మెషీన్, దానికి పెద్ద తెలివి అక్కర్లేదు. తొమ్మిదేళ్లలో ఆ సర్వర్ మీద ఎవరెవరు, దేనికి ఆధారపడ్డారో తెలుసుకోవడమే మనిషి చేయాల్సిన పని. అది అమ్మేవారికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. లోపలివారు మీరే.

కాబట్టి ఒక నోటుపుస్తకం తీసుకుని కొన్ని రోజులు ఆఫీసంతా తిరగండి. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, పొద్దున రాగానే ఏం తెరుస్తారు, ఏ డ్రైవ్‌లోకి వెళతారు, నెలాఖరున ఏ రిపోర్టు తీస్తారు అని అడగండి. స్కాన్ చేసిన కాగితాలు సర్వర్‌లోని ఫోల్డర్‌లోకి వచ్చిపడుతున్నాయా? హాజరు నమోదు చేసే పరికరం వివరాలు ఎక్కడికి పంపుతోంది? కెమెరాల రికార్డింగు ఎక్కడ దాచుకుంటోంది? ఒక ఎక్సెల్ ఫైలు తెరిస్తే అది ఇంకో ఎక్సెల్ ఫైలు నుంచి అంకెలు తెచ్చుకుంటూ ఉంటుంది, ఆ లింకులో పాత సర్వర్ పేరు ఇమిడి ఉంటుంది. దాన్ని తయారుచేసిన ఉద్యోగి ఎప్పుడో వెళ్లిపోయి ఉండవచ్చు. సంవత్సరానికి ఒక్కసారి మాత్రమే వాడే పనులను ప్రత్యేకంగా అడగండి, ఎందుకంటే అవి మొదటి వారంలో ఎవరికీ గుర్తుకు రావు. సాంకేతిక వ్యక్తి చేత సర్వర్‌లోని షెడ్యూల్డ్ టాస్కులు (వేళకు వాటంతట అవే నడిచే పనులు), షేర్ చేసిన ఫోల్డర్లు, ప్రింటర్లు, నడుస్తున్న సర్వీసుల జాబితాలు తీయించి మీ పుస్తకంతో పోల్చండి. ఒక జాబితాలో ఉండి మరోదానిలో లేనివే రేపు ఇబ్బంది పెట్టేవి. మీ ప్రశ్నకు నా సమాధానంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

ఇప్పుడు అమ్మకందారును అడగవలసిన ముఖ్యమైన సాంకేతిక ప్రశ్న. మీ లాగిన్‌లన్నీ డొమైన్ కంట్రోలర్ అనే భాగం చూసుకుంటుంది (డొమైన్ అంటే ఆఫీసులోని ఖాతాలు, కంప్యూటర్లు అన్నీ ఒకచోట నమోదైన సమూహం). దాన్ని కాపీ చేయరు. కొత్త సర్వర్‌ను అదే డొమైన్‌లో రెండో కంట్రోలర్‌గా చేర్చి, సమాచారం తనంతట తానే అటు ప్రవహించనిచ్చి, పాతదాని దగ్గరున్న 5 ప్రధాన బాధ్యతలను కొత్తదానికి బదిలీ చేసి, కొన్ని రోజులు చూసి, అప్పుడు పాతదాన్ని పద్ధతిగా తప్పిస్తారు. ఇలా చేస్తే ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు, అనుమతులు అన్నీ అలాగే ఉంటాయి.

చిక్కు ఇక్కడే ఉంది. విండోస్ సర్వర్ 2025ను డొమైన్ కంట్రోలర్‌గా చేర్చాలంటే ఆ డొమైన్ కనీసం 2016 స్థాయిలో, అంటే విండోస్ సర్వర్ 2016కు తగిన అమరికలో, ఉండాలి. 2012 ఆర్2 కంట్రోలర్ ఉన్నంతకాలం డొమైన్‌ను ఆ స్థాయికి పెంచడం కుదరదు. అంటే మీ పాత సర్వర్ పక్కన 2025ను నేరుగా నిలబెట్టి లాగిన్‌లు మార్చుకోవడం సాధ్యం కాదు. మధ్యలో 2016, 2019, 2022లలో ఏదో ఒకటి మెట్టుగా కావాలి. ఈ మాట అమ్మకందారు తమంతట తామే చెప్పారా? చెప్పకపోతే అడగండి. 'అవసరం లేదు, కొత్త డొమైన్ కట్టేస్తాం' అంటే మాత్రం ఆగండి. అలా చేస్తే 18 కంప్యూటర్లనూ ఒక్కొక్కటిగా కొత్త డొమైన్‌లో చేర్చాలి. ప్రతి ఉద్యోగికీ కొత్త ప్రొఫైల్ ఏర్పడుతుంది. డెస్క్‌టాప్, సేవ్ చేసుకున్న సెట్టింగులు కనిపించవు. ఫోల్డర్ల అనుమతులు మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి. చేయకూడని పనేమీ కాదు, కానీ అది వారాంతంలో ముగిసేది కాదు.

నా అభిప్రాయం అడిగితే, మీ స్థాయి సంస్థకు విండోస్ సర్వర్ 2022 చాలు. దాన్ని మీ పాత కంట్రోలర్ పక్కన నేరుగా చేర్చవచ్చు, దాని మద్దతు 2031 అక్టోబర్ వరకు ఉంది. మీరు కొనే 2025 లైసెన్స్‌తో 2022 వాడుకునే హక్కు వస్తుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో చిన్న పరీక్ష కూడా చేయించాలి. మీ డొమైన్ 2012కు చాలా ముందే పుట్టి, సర్వర్లు మారుతూ వచ్చినదైతే, దాని లోపలి ఫైళ్ల నకలు ఇంకా ఎఫ్‌ఆర్‌ఎస్ అనే పాత పద్ధతిలో నడుస్తూ ఉండవచ్చు. 2019 నుంచి వచ్చిన సర్వర్లు దాన్ని ఒప్పుకోవు. ముందే డీఎఫ్‌ఎస్‌ఆర్ అనే కొత్త పద్ధతికి మార్చాలి. కష్టమైన పని కాదు, శనివారం రాత్రి పదకొండింటికి తెలియడమే కష్టం.

కొత్త మెషీన్‌లో అన్నీ ఒకే విండోస్ మీద కుక్కవద్దని చెప్పండి. హైపర్-వీ (ఒకే మెషీన్‌ను కొన్ని విడి మెషీన్లుగా నడిపే విండోస్ భాగం) వేసి, అందులో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకదానిలో లాగిన్‌లు, రెండోదానిలో ఫైళ్లు, అకౌంటింగ్ ఉంచమనండి. మెషీన్‌ ప్రాసెసర్‌లోని కోర్లు అనే భాగాలన్నిటికీ స్టాండర్డ్ లైసెన్స్ ఉంటే ఇలా రెండు నడుపుకునే హక్కు అందులోనే ఉంటుంది. ఈ లైసెన్స్ కనీసం 16 కోర్లకు కొనాలి. 18 మంది వాడకానికి క్యాల్ అనే లైసెన్సులు వేరుగా ఉంటాయి, 2012 నాటివి కొత్త సర్వర్‌కు చెల్లవు. కొటేషన్‌లో ఇవి కనిపించకపోతే ఆ కొటేషన్ అసంపూర్ణం.

ఫైళ్ల సంగతి. మొత్తం ఫైళ్లను మార్పు రోజుకు ఒక వారం ముందే ఒకసారి కాపీ చేయించండి. అందరూ పాత సర్వర్ మీదే పనిచేస్తూ ఉంటారు. మార్పు రోజున ఆ వారంలో మారినవి మాత్రమే వెళితే చాలు, గంటల పని నిమిషాల్లోకి వస్తుంది. విండోస్‌లో ఉన్న రోబోకాపీ ఈ పనికి చక్కగా సరిపోతుంది, అనుమతులతో సహా కాపీ చేయగలదు. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. ఏ ఫైలైనా తెరిచి ఉండి కాపీ కాకపోతే అది 30 సెకన్లకోసారి పది లక్షల సార్లు ప్రయత్నించేలా మొదట్లోనే అమర్చి ఉంటుంది, దాన్ని ఒకటి రెండు సార్లకు తగ్గించాలి. రెండోది మరీ ముఖ్యం. అద్దంలో బొమ్మలా రెండు వైపులా ఒకేలా ఉంచే దాని మిర్రర్ పద్ధతి, మూలంలో లేని ఫైళ్లను గమ్యంలో తుడిచేస్తుంది. ఉద్యోగులు కొత్త సర్వర్‌లో పని మొదలుపెట్టాక ఎవరైనా ఆ ఆదేశాన్ని మళ్లీ నడిపితే, ఆరోజు కొత్తగా చేసిన ఫైళ్లు మాయమవుతాయి, మార్చినవాటి మీద పాతవి వచ్చిపడతాయి. అందుకే చివరి కాపీ అయిన వెంటనే పాత సర్వర్‌లోని ఆ ఫోల్డర్లకు చదివే అనుమతి మాత్రమే మిగిల్చి, కాపీ పనిని షెడ్యూల్ నుంచి తీసేయించండి.

మీ ఫైళ్లకు తెలుగు పేర్లు ఉన్నాయా? ఉంటే ఇది కూడా చూడండి. విండోస్‌లో ఫైలు పేరుకు 255 సంకేతాల వరకు చోటుంది. లైనక్స్ మీద నడిచే బ్యాకప్ పెట్టెల్లో పరిమితి 255 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి పేరు 85 సంకేతాలు దాటితే అక్కడ పట్టదు. మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ'లో ఆరు సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు. వాక్యమంత పొడవున్న పేర్లు పెట్టే అలవాటు ఉన్న ఆఫీసుల్లో కొన్ని ఫైళ్లు బ్యాకప్‌లోకి వెళ్లకుండా మిగిలిపోతాయి. కాపీ చేసిన లాగ్‌లో విఫలమైనవాటి జాబితా అడిగి చదవండి. సంఖ్యలు సరిపోయాయన్న మాటతో తృప్తిపడవద్దు.

స్కానర్ గురించి ఒక మాట. పాత యంత్రాలు చాలావరకు ఎస్‌ఎంబీ1 అనే పాత భాషలోనే ఫోల్డర్‌కు ఫైళ్లు పంపుతాయి. కొత్త సర్వర్లలో అది మొదటి నుంచే ఉండదు, ఉండకపోవడమే మంచిది. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వన్నాక్రై దాడికి దారి అదే. సోమవారం స్కాన్లు రావడం లేదని ఎవరో అడగగానే తొందరలో దాన్ని తిరిగి తెరిచేస్తారు. ఆ దారి తెరవనివ్వకండి. స్కానర్ ఫర్మ్‌వేర్‌కు (దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కు) అప్‌డేట్ ఉందా, కాగితాలు ఈమెయిల్‌కు పంపగలదా అన్నది ముందే చూడండి.

అకౌంటింగ్ డేటాబేస్ దగ్గర మీరే ముందుండాలి. ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారుతో మాట్లాడి, మీ వెర్షన్ కొత్త సర్వర్‌పై నడుస్తుందా, లైసెన్స్ ఆ పాత మెషీన్‌కే ముడిపడి ఉందా, యూఎస్‌బీ తాళం ఉంటే వర్చువల్ మెషీన్‌కు ఎలా చేరుతుంది అని అడగండి. తరువాత ఒక కాపీని కొత్త సర్వర్‌లో పెట్టించి రిహార్సల్ చేయండి. పాతదాంట్లో ఒక తేదీకి ట్రయల్ బ్యాలెన్స్ తీయండి, కొత్తదాంట్లో అదే తేదీకి తీయండి. పైసాతో సహా కలవాలి. చివరి ఇన్‌వాయిస్ నంబరు, చివరి రసీదు నంబరు, పెద్ద ఖాతాదారుల లెడ్జర్ నిల్వలు చూడండి. తెలుగులో పేర్లున్న ఇన్‌వాయిస్ ఒకటి ప్రింటు తీయండి. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తే డేటాబేస్ భాషా అమరికలో తేడా ఉన్నట్టు, దాన్ని ఇప్పుడే పట్టుకోవాలి. ఇవేవీ సర్వర్ నిపుణులు చేయగల పరీక్షలు కావు. కంప్యూటర్ తెరుచుకుంటే వారికి పని అయినట్టే. అంకెలు నిజమో కాదో చెప్పగలిగేది మీరే. సాంకేతిక మనిషిని కానని వెనక్కి తగ్గకండి, ఈ పనికి మీకన్నా తగినవారు ఆ ఆఫీసులో లేరు.

మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ వాడుతుంటే ఇది గమనించండి. ఆ డేటాబేస్ కొత్త వెర్షన్‌లోకి వెళ్లాక, అక్కడ తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అంటే కొత్తదాంట్లో ఎంట్రీలు మొదలయ్యాక వెనక్కి రావాలంటే ఆ ఎంట్రీలన్నీ పాతదాంట్లో చేత్తో మళ్లీ వేయాల్సిందే. అందుకని ఒక గడువు ముందే రాసిపెట్టుకోండి. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఫలానా నాలుగు పనులు జరగకపోతే పాతదానికి తిరిగి వెళతాం, అని. అప్పటి వరకు వోచర్లు కాగితం మీద కూడా ఉంచండి. ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారో పేరుతో సహా ముందే తేల్చుకోండి, ఎందుకంటే అర్ధరాత్రి అలసిపోయిన మనిషి ఇంకో అరగంట చూద్దాం అంటూనే తెల్లవారుస్తాడు.

ఒకే వారాంతంలో అన్నీ మార్చడం నాకు నచ్చకపోవడానికి కారణం ఇప్పటికే అర్థమై ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు తన ఖాతాలను కొత్త వ్యవస్థలోకి అలాగే ఒక వారాంతంలో మార్చింది. సుమారు 19 లక్షల మంది తమ ఖాతాలను తెరవలేకపోయారు. దశలవారీగా కాకుండా చాలావరకు ఒకేసారి మార్చాలనుకోవడాన్ని తరువాత జరిగిన సమీక్ష తప్పుపట్టింది. మీకు 18 మందే కావచ్చు, సూత్రం అదే. మొదటి వారం లాగిన్‌లు. అవి నిలకడగా ఉన్నాయని తెలిశాక ఫైళ్లు. చివరగా అకౌంటింగ్, అది కూడా నెలాఖరు, జీతాలు, పన్ను గడువులు లేని రోజుల్లో. వీలైతే శని, ఆదివారాల కన్నా సాఫ్ట్‌వేర్ తయారీదారు ఫోను ఎత్తే రోజు సాయంత్రం మేలు.

క్లౌడ్ అంటున్న మీ భాగస్వామి మాట కొట్టిపారేయదగినది కాదు. ఈమెయిల్, ఉమ్మడి ఫైళ్లు అటు వెళ్లడం చాలా చిన్న సంస్థలకు హాయి. కానీ డెస్క్‌టాప్ మీద నడుస్తూ ప్రతి క్లిక్‌కూ డేటాబేస్‌తో వందలసార్లు మాట్లాడే అకౌంటింగ్ ప్రోగ్రాం, ఆ డేటాబేస్ దూరంగా ఉంటే నత్తనడక నడుస్తుంది. పైగా మెషీన్, విండోస్, పని స్థలం మూడూ ఒకేసారి మారితే ఏది చెడిందో కనిపెట్టలేరు. ఇప్పుడు ఫోల్డర్లకు మెషీన్ పేరుతో కాకుండా పనికి తగిన మారుపేరుతో దారి పెట్టించండి. రేపు ఫైళ్లు మరో సర్వర్‌కు మారినా ఉద్యోగుల దగ్గర ఏమీ మార్చకుండా ఆ మారుపేరును అటు తిప్పితే సరిపోతుంది. క్లౌడ్ చర్చ ఆరునెలల తరువాత పెట్టుకోండి.

పాత సర్వర్‌ను కంట్రోలర్ బాధ్యత నుంచి పద్ధతిగా తప్పించాక, నెట్‌వర్క్ తీగ పీకి, కనీసం ఒక పూర్తి నెలవారీ ముగింపు అయ్యే వరకు ఉంచండి. సంవత్సరాంత లెక్కల వరకు ఉంచగలిగితే ఇంకా మంచిది. బాధ్యత తప్పించకుండా మాత్రం ఆపి మూల పెట్టకండి. డొమైన్‌లో తుడిచేసిన వివరాల జ్ఞాపకం సాధారణంగా 180 రోజులే ఉంటుంది, ఆ తరువాత పాత కంట్రోలర్‌ను మళ్లీ నెట్‌వర్క్‌లో పెడితే ఎప్పుడో తొలగించిన ఖాతాలు తిరిగి పుట్టుకురావచ్చు. చివరకు ఇచ్చేసేటప్పుడు డిస్కులు మీ దగ్గరే ఉంచుకోండి, లేదా మీ కళ్ల ముందే పూర్తిగా తుడిపించండి. తొమ్మిదేళ్ల లెక్కలు, జీతాల వివరాలు వాటిలో ఉన్నాయి.

అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్, డొమైన్‌ను పునరుద్ధరించే పాస్‌వర్డ్, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ కీ, లైసెన్స్ కాగితాలు ఈ నాలుగూ పని ముగిసిన రోజే మీ చేతికి రావాలి, అమ్మకందారు దగ్గర మాత్రమే ఉండకూడదు.

ఇవాళ అమ్మకందారుకు ఒక ఈమెయిల్ రాయండి. అందులో మూడే ప్రశ్నలు పెట్టండి. 2012 ఆర్2 నుంచి లాగిన్‌లను ఏ వెర్షన్ మీదుగా మారుస్తారు? సోమవారం పని జరగకపోతే వెనక్కి వచ్చే దారి ఏమిటి, దానికి ఎన్ని గంటలు పడుతుంది? బ్యాకప్‌ను తిరిగి తెరిచి మాకు ఎప్పుడు చూపిస్తారు? మీ ఆఫీసు పరిస్థితి చూసి రాసిన జవాబు వస్తే వారితోనే ముందుకు వెళ్లండి. 'అవన్నీ మేం చూసుకుంటాం' అని ఒక్క వాక్యం వస్తే, అడ్వాన్సు ఇవ్వకముందే ఇంకొకరి చేత కొటేషన్ వేయించండి.